బొమ్మలో పిట్ట, చూరు కింద పిట్ట

నాకు డాక్టరేట్ వచ్చిన ఏడాది సంక్రాంతికి కోదాడ దగ్గరున్న మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాను. గట్టి అట్ట వేయించిన నా సిద్ధాంత గ్రంథాన్ని ఆమె చేతుల్లో పెట్టాలని ఆశ. చదువు రాని అమ్మమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పింది. "ఇండ్ల ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. స్త్రీవాద కవిత్వంలో ప్రతీకల గురించి అంటే ఆమెకేం అర్థమవుతుందిలే అనుకుని, "పిట్టల గురించి కూడా రాసిన అమ్మమ్మా" అన్నాను.

"ఏం పిట్టలు?" అంది వెంటనే.

నా దగ్గర జవాబు లేదు. ఆ అధ్యాయం నిండా రెక్కలున్నాయి, పంజరాలున్నాయి, ఆకాశం ఉంది. పిట్ట పేరంటూ ఉన్నది చిలక ఒక్కటే. అది కూడా చెట్టు మీది చిలక కాదు, పంజరంలోది. నవ్వేసి మాట మార్చాను. మొన్న దసరాకు ముందు సూర్యాపేటలో ఒక కాలేజీ ఆవరణలో నిలబడి ఉన్నప్పుడు అమ్మమ్మ ప్రశ్న మళ్ళీ ఎదురొచ్చింది. ఆలస్యంగానైనా దానికి జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

*

అది పర్యావరణ ప్రదర్శన. విద్యార్థులు చేసినవి చూసి నాలుగు మాటలు మాట్లాడమని పిలిచారు. గేటు దాటగానే ఎదురుగా ఆరడుగుల పాలపిట్ట. ఒళ్ళంతా మంచినీళ్ళ సీసాల నీలం మూతలు. రెక్కల అంచులకు పాత కరెంటు వైరు. చుట్టూ ఇనుప చువ్వల పంజరం. కాళ్ళకు దారం. నేల మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు, ఎండిన తాటి మట్టలు. పంజరంలోకి వెళ్ళి, పిట్ట పక్కన నిలబడి, చువ్వల సందుల్లోంచి బయటికి చూసే వీలుంది. ఇన్‌స్టలేషన్ అంటే అదే కదా. గోడకు తగిలించిన పటాన్ని దూరం నుంచి చూసినట్టు కాకుండా, ఒక చోటునంతా కళాకృతిగా మార్చి మనల్ని అందులోకి రమ్మనడం.

ఆ బొమ్మ నన్ను కదిలించిన మాట నిజం. ఇబ్బంది పెట్టిన మాటా నిజమే. పంజరం వెనక అతిథుల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అది రోడ్డు మీదికి కనిపించాలని గేటు పక్కనున్న వేపచెట్టు కొమ్మలు ముందురోజే కొట్టించారు. ఆ కొమ్మలు ఇంకా గోడ వారన పడి ఉన్నాయి. పక్షుల్ని కాపాడమని చెప్పడానికి పక్షులు వాలే కొమ్మను కొట్టేశారు! ఎవరికీ అది వింతగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఒక అమ్మాయి వేలు పెట్టి చూపించేదాకా నాకూ అనిపించలేదు.

ఆ అమ్మాయిది డిగ్రీ రెండో సంవత్సరం. పిట్టలు పట్టి బతికిన కుటుంబం నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. మిగతావాళ్ళు మూతలు అతికిస్తుంటే కాళ్ళ పని తానే అడిగి తీసుకుందట. దగ్గరికెళ్ళి చూస్తే ఆ ముడి మిగతా బొమ్మలా లేదు. రెండు కాళ్ళనూ కలిపి, పిట్ట ఎంత గుంజుకుంటే అంత బిగిసేలా వేసిన ముడి. "ఇట్లనే ఎందుకు కట్టినవ్?" అని అడిగాను. "ఇట్లనే కడతరు మేడమ్. మా తాత కట్టంగ చూసిన" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "పట్టినోణ్ణి పట్టుకపోతరు మేడమ్. చూసినోళ్ళకు పుణ్యమొస్తది" అంది.

ఆ సాయంత్రం మాట్లాడదామని నేను రాసుకెళ్ళిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

*

పాలపిట్టను తెలంగాణ పాఠకులకు పరిచయం చేయక్కర్లేదు. దసరానాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళి, ఊరి బయట పాలపిట్టను చూసి రావడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. చూస్తే ఆ ఏడంతా జయమని నమ్మకం. వాలి ఉన్నప్పుడు మట్టిరంగులో కలిసిపోయే పిట్ట, రెక్క విప్పగానే రెండు రకాల నీలాలు మెరుస్తాయి. మిడతల్నీ పేడపురుగుల్నీ తిని బతుకుతుంది. ముసలి చెట్ల తొర్రల్లో, మోడైన తాటి మానుల్లో గుడ్లు పెడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇదే రాష్ట్ర పక్షి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు మనమూ దీన్నే ప్రకటించుకున్నాం. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకకు మారింది. కర్ణాటక, ఒడిశాలకూ పాలపిట్టే రాష్ట్ర పక్షి.

ఇన్ని పట్టాభిషేకాలు జరిగిన పిట్ట బతుకు ఎలా ఉంది? 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల స్థితిగతుల్ని పరిశీలించింది. దేశమంతటా దాదాపు 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు దానికి ఆధారం. 30 శాతం గానీ అంతకు మించి గానీ తగ్గిపోయాయి కాబట్టి ప్రపంచస్థాయి జాబితాలో వీటి స్థానాన్ని మళ్ళీ అంచనా వేయాలని ఆ నివేదిక 14 జాతుల పేర్లు చెప్పింది. వాటిలో పాలపిట్ట ఒకటి. అంతకు ముందు 2020లో వచ్చిన నివేదిక ఊరపిచ్చుక గురించి చెప్పిన మాట కూడా గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో అది తగ్గుతున్నా, దేశం మొత్తం మీద దాదాపు నిలకడగానే ఉందని. ఏటా మార్చి 20న మనమంతా పిచ్చుక కోసం కంటతడి పెడతాం. గోడగోడకూ బొమ్మ వేసుకున్న పాలపిట్ట మాత్రం చప్పుడు లేకుండా తగ్గిపోతోంది. దాని బొమ్మ ఎప్పుడూ కళ్ళ ముందు ఉండటం వల్లే అది లేని సంగతి మనకు తెలియడం లేదేమో!

పండగ దగ్గరపడుతుంటే కొందరు ఈ పిట్టల్ని పట్టి, రెక్కలో కాళ్ళో కట్టి, పంజరాల్లో పెట్టి, డబ్బు తీసుకుని దర్శనం చేయిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖ వాళ్ళు, జంతుప్రేమికులు పట్టుకుని విడిపించిన పిట్టల్లో రెక్క దెబ్బతిని మళ్ళీ ఎగరలేనివి ఉంటాయి. పంజరంలో ఒక పిట్ట, చుట్టూ చూసేవాళ్ళు, చూసినందుకు పుణ్యం. కాలేజీ ఆవరణలో నేను చూసిన అమరికకూ దీనికీ పోలిక ఎంత దగ్గరగా ఉంది! తేడా అల్లా ఒకచోట పుణ్యం, ఇంకోచోట పశ్చాత్తాపం. రెండు చోట్లా కేంద్రం చూసేవాడే. రెండు చోట్లా పిట్ట కదలకూడదు.

ఇక చట్టం సంగతి. పది రూపాయలిచ్చి దర్శనం చేసుకున్న కుటుంబం మీద కేసు ఉండదు. ఊరి చివర గుడారంలో బతికే వాడి మీద ఉంటుంది. గిరాకీ ఎవరిదో, జైలు ఎవరికో ఆ అమ్మాయి రెండు వాక్యాల్లో చెప్పింది. ఒంటిని అమ్ముకున్న స్త్రీని పట్టుకుని కొనుక్కున్న మగవాణ్ణి ఇంటికి పంపే పోలీసు వ్యవస్థను ఎన్నేళ్ళుగానో ప్రశ్నిస్తున్న మనకు ఈ తర్కం కొత్తదేం కాదు.

*

పక్షుల కోసం పెద్ద కళాకారులు చేసిన పనుల్ని కూడా ఈ చూపుతో మళ్ళీ చూడాలనిపించింది. అమెరికన్ శిల్పి టాడ్ మెక్‌గ్రెయిన్ 'లాస్ట్ బర్డ్ ప్రాజెక్ట్' పేరుతో ఉత్తర అమెరికాలో అంతరించిన ఐదు పక్షులకు కంచు శిల్పాలు చేశాడు. ప్యాసింజర్ పావురం, కరోలినా చిలక, లాబ్రడార్ బాతు, గ్రేట్ ఆక్, హీత్ కోడి. వాటిని మ్యూజియంలో కాకుండా, ఆ పక్షులు చివరగా కనిపించిన చోట్ల, ఆరుబయట నిలబెట్టాడు. ఈకలూ రంగులూ లేని నున్నటి నల్లటి రూపాలు. తాకవచ్చు. వెళ్ళిపోయినదాని బరువు చేతికి తెలుస్తుంది. గొప్ప పని, సందేహం లేదు. కానీ అది చావు తరువాతి పని.

ఆ ఐదింటిలో ప్యాసింజర్ పావురం కథ స్త్రీలుగా మనం వినదగ్గది. ఒకప్పుడు గుంపులు ఎగిరితే ఎండ మూసుకుపోయేదని చెప్పే ఆ జాతిలో చివరిది ఒక ఆడపక్షి. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో పంజరంలోనే చనిపోయింది. దాని పేరు మార్తా. అమెరికా మొదటి అధ్యక్షుడి భార్య పేరు. కోట్ల పక్షుల్ని చంపినన్నాళ్ళూ దేనికీ పేరు పెట్టలేదు. జాతి దాదాపు అంతరించిపోయే వేళకు మాత్రం పేరు పెట్టి జనానికి చూపించారు.

మన దేశంలో రవి అగర్వాల్ 2008లో ఢిల్లీలో జరిగిన '48 డిగ్రీ సెల్సియస్' అనే బహిరంగ కళా ఉత్సవంలో రాబందుల మీద ఇన్‌స్టలేషన్ చేశాడు. దాని పేరులోనే ప్రశ్నార్థకం ఉంది: 'ఎక్స్‌టింక్ట్?' పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. తెల్లవీపు రాబందులు 1990ల తొలి రోజుల నుంచి 2007 నాటికి 99 శాతానికి పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. రాబందు అందమైన పక్షి కాదు. ఏ రాష్ట్రమూ దాన్ని చిహ్నంగా పెట్టుకోదు. అందరూ అసహ్యించుకునే పక్షిని నగరం నడిబొడ్డున నిలబెట్టి 'ఇది లేకపోతే మీ శవాలేమవుతాయి?' అన్నట్టు అడగడంలో ధైర్యం ఉంది. పాలపిట్టను చూసి అయ్యో అనడం తేలిక. రాబందును చూసి అయ్యో అనిపించడం కళ చేయగల పని.

ఇక్కడ మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పాలి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ వెతుకులాట ఫలించింది ఐతన్న అనే స్థానికుడి వల్ల. పిట్టలు పట్టడం తెలిసిన మనిషి ఐతన్న. పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి అతని ఎరుకలో బతికే ఉంది. ఆ ఎరుకను నేరంగా మాత్రమే చూసే చోట, ముడి వేయడం తెలిసిన అమ్మాయి గొంతు తగ్గించే మాట్లాడుతుంది.

*

మళ్ళీ నా అధ్యాయం దగ్గరికి వస్తాను. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం మొదలు, నేను చదివి పెరిగిన స్త్రీవాద కవిత్వం నాకు మాట ఇచ్చింది. ఆ రుణం తీరేది కాదు. ఇల్లు పంజరమని, చదువూ ఉద్యోగమూ రెక్కలని మనం చెప్పకపోతే ఎవరు చెప్పేవారు? అయితే ఆ కవితల్ని విశ్లేషించిన నాలాంటి విమర్శకులం ఒక పని చేయలేదు. పిట్టకూ స్త్రీకీ పోలిక పెట్టినప్పుడు పిట్ట వైపు నిలబడి ఒక్కసారి కూడా చూడలేదు. పిట్ట నుంచి రెక్కలు తీసుకున్నాం, దాన్ని అక్కడే వదిలేశాం. పురుషుల కవిత్వం స్త్రీని పువ్వు చేసి, వెన్నెల చేసి, దేశమాత చేసి, ఆమె ఆకలినీ అలసటనూ రాయకుండా వదిలేసిందని మనమే కదా నిలదీశాం! అదే పని మనం పిట్ట విషయంలో చేయలేదా?

చూస్తే ఈ రెండు బతుకుల మధ్య పోలిక పంజరం దగ్గర ఆగదు. పాలపిట్ట శుభశకునం, కాబట్టి పట్టి కట్టేస్తాం. తీతువు, గుడ్లగూబ అపశకునం, కాబట్టి రాయి పెట్టి కొడతాం. మంగళం పేరుతో కట్టివేత, అమంగళం పేరుతో తరిమివేత. ముత్తయిదువకూ విధవకూ మన ఇళ్ళలో జరిగిందీ ఇదే. మా తాత పోయాక అమ్మమ్మ ఎవరి ప్రయాణానికీ ఎదురు రాలేదు. నేను ఇంటర్వ్యూలకు బయల్దేరిన ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున నిలబడేది. "ఎదురు రా అమ్మమ్మా" అని ఎంత బతిమాలినా వినేది కాదు. శకునాల భారం మోయడం ఎలా ఉంటుందో ఆమెను అడిగితే పిట్టల గురించి నా అధ్యాయం కన్నా మంచి అధ్యాయం వచ్చేది. నేను అడగలేదు.

*

ప్రదర్శన అయిన మర్నాడు కోదాడ బస్సెక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. "అమ్మమ్మా, చూరుకు వరి కుచ్చులు కట్టేదానివి కదా, ఎట్ల అల్లేది?" అని అడిగాను. ఎనభై దాటిన ఆ చేతులు ముందు గాలిలోనే అల్లడం మొదలుపెట్టాయి.

కోతకు ముందు గట్టు మీద నిలబడి, గింజ ముదిరి ఇంకా రాలని గొలుసుల్ని ఎంచుకోవాలి. కాడ పొడుగ్గా వచ్చేలా కొడవలితో కింది నుంచి కోయాలి. నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే కాడ పెళుసై విరుగుతుంది. తరువాత ఆకు ఒలిచి, పాయలు పాయలుగా తీసి, జడ అల్లినట్టు అల్లుతూ, ప్రతి మెలికకూ కొత్త గొలుసులు కలుపుకుంటూ పోవాలి. చివరికి గింజలన్నీ కిందికి వేలాడే గుండ్రటి కుచ్చు అవుతుంది. దాన్ని పెంకుటింటి చూరుకు, పిల్లికి అందని ఎత్తులో కట్టాలి. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజా ఒలుచుకుని తింటాయి. మళ్ళీ కోతల నాటికి ఉత్త గడ్డి జడ మిగులుతుంది.

ఇది కళ కాదా? రూపం ఉంది, అల్లిక ఉంది, స్థలాన్ని ఎంచుకోవడం ఉంది, కాలంతో పాటు మారిపోవడం ఉంది. ఆధునిక ఇన్‌స్టలేషన్ గురించి సిద్ధాంతకారులు చెప్పే లక్షణాలన్నీ ఉన్నాయి. ఒక్కటే తేడా. దీని ప్రేక్షకులు మనుషులు కాదు. పిచ్చుక తింటేనే ఇది పూర్తవుతుంది, తినడంతోనే అయిపోతుంది. ముగ్గు కూడా అంతే. బియ్యప్పిండితో వేసిన ముగ్గు మధ్యాహ్నానికల్లా చీమల పాలు, పిట్టల పాలు. ఇంటి పని అనీ, ఆచారమనీ పేరు పెట్టి ఈ పనుల్ని కళ లెక్కలోంచి తీసేశారు కాబట్టే వీటిని చేసిన స్త్రీలకు సంతకాలు లేవు.

అలాగని పాత కాలాన్ని పూజించమనడం నా ఉద్దేశం కాదు. అమ్మమ్మ వాళ్ళకు మూడెకరాల పొలం ఉంది కనుక పిచ్చుకకు పెట్టడానికి గొలుసులున్నాయి. ఆ పొలం కోసిన మాదిగ స్త్రీలు కోత అయిపోయాక మళ్ళలో వంగి రాలిన కంకులు, పరిగె, ఏరుకున్నారు. పిచ్చుకలు ఏరుకున్నదీ ఆ గింజలే. కుచ్చు వేలాడిన ఆ వాకిట్లోకి వాళ్ళకు మాత్రం ప్రవేశం లేదు. ఈ మాట అంటే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. "అవు. పిట్టొచ్చి వాలితే సంబురపడినం, మనిషొస్తె ఆపినం" అంది. కుచ్చు గురించి ఏ వ్యాసం రాసినా ఆ మాట వదిలేస్తే అది అబద్ధమే అవుతుంది.

ఇప్పుడు ఆ ఇంట కుచ్చు లేదు. అమ్మమ్మ చేతకాక కాదు. కోత మిషన్ వచ్చాక గొలుసు గొలుసుగా మిగలదు, పరిగే మిగలదు. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చాక చూరు లేదు, వాసాల సందు లేదు. పిచ్చుకకు తిండీ గూడూ, పేద స్త్రీకి నాలుగు మానికల గింజలూ ఒకేసారి పోయాయి. ఈ రెండు నష్టాలనూ కలిపి చూడని పర్యావరణ కళ ఎంత అందంగా ఉన్నా సగమే నిజం చెబుతుంది.

*

అక్కడి నుంచి మిర్యాలగూడలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. హుజూర్‌నగర్ మీదుగా దారి పొడుగునా ఎడమ కాలువ కింద వరే వరి. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్ళు వదలక ముందు ఇవన్నీ మెట్టచేలు. చిన్నప్పుడు అమ్మమ్మ జొన్నచేలో మంచె మీద కూర్చుని వడిసెల తిప్పి పిట్టల్ని తోలేదట. చేలు కాపలా కాసే ఆడపిల్లలు గాథాసప్తశతి నాటి నుంచీ మన సాహిత్యంలో ఉన్నారు. కవులు వాళ్ళ అందం చూశారు కానీ, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కేకలు పెట్టి బొంగురుపోయిన గొంతు వినలేదు. "మరి పిట్టల్ని కొట్టినదానివి పిట్టలకు కుచ్చులెందుకు కట్టినవ్?" అని నేను అడిగితే అమ్మమ్మ అన్న మాట ఇది: "చేన్ల ఉన్నప్పుడు తోలినం. ఇంటికొచ్చినంక పెట్టినం." పిట్టతో ఆమెకున్నది ప్రేమో ద్వేషమో అని ఒక్క ముక్కలో తేల్చలేం. అది పొత్తు, తగువు, పంపకం. ప్రతీకగా మారిన పిట్టతో ఎవరూ తగువు పడరు.

బస్సు కిటికీలోంచి అక్కడక్కడా కూరగాయల మళ్ళ చుట్టూ కట్టిన పాత చీరలు కనిపించాయి. పందుల్నీ పిట్టల్నీ బెదిరించడానికి. కొన్ని చోట్ల గాలికి ఝుమ్మనే మెరుపు రిబ్బన్లు, పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మలు. పక్షుల కోసం మన పల్లెల్లో ఆరుబయట నిలబెట్టే బొమ్మల్లో ఎక్కువ భాగం వాటిని రావొద్దని చెప్పేవే. ఒక స్త్రీ కట్టి విడిచిన చీర చివరికి చేను చుట్టూ కాపలా నిలబడుతుంది. ఏ గ్యాలరీలో పెట్టినా ఆ దృశ్యం మీద పేజీలు పేజీలు రాస్తాం. పొలంలో ఉంది కాబట్టి దాటి వెళ్తాం.

అక్క వాళ్ళింటి దగ్గర రైస్ మిల్లులు. లారీలు దిగే చోట రాలిన ధాన్యం మీద పావురాలు, గువ్వలు, గోరింకలు. వాటి మధ్యే ముక్కుకు కొంగు చుట్టుకుని గింజలు ఊడ్చి ఎత్తే స్త్రీలు. చీపురు దగ్గరకొస్తే పిట్టలు లేస్తాయి, దాటగానే వాలతాయి. ఆ ఊకదుమ్ములో ఇద్దరూ పొట్ట పోసుకుంటున్నారు. అక్కడ పాలపిట్ట ఒక్కటీ కనిపించలేదు. అది గింజ తినే పిట్ట కాదు. దానికి పురుగులుండే బీడు కావాలి, తొర్ర ఉండే ముసలి చెట్టు కావాలి. పురుగుమందులు కొట్టిన ఒకే పంట నడుమ, మోడు తాళ్ళను కొట్టేసిన గట్ల మీద దానికేం దొరుకుతుంది? పిచ్చుకకు కుచ్చు కడితే సరిపోవచ్చు. పాలపిట్టకు చాలదు. "ఏం పిట్ట?" అన్న ప్రశ్న ఎందుకు ముఖ్యమో నాకు ఆ మిల్లు గేటు దగ్గర తెలిసింది.

*

ఇంతకీ బొమ్మలు చేయొద్దనా? కాదు. అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ అనే జీవశాస్త్రజ్ఞురాలి కథ చూడండి. హర్గిలా అనే పెద్ద కొంగ కుళ్ళిన మాంసం తింటుందని, వాసన అని, కామరూప్ జిల్లా గ్రామాల్లో అది గూడు పెట్టిన చెట్లను కొట్టేసేవారు. 2007లో అలా కొట్టేసిన ఒక చెట్టు నుంచి పడిన పిల్లల్ని చూశాక ఆమె తన పిహెచ్‌డిని వాయిదా వేసుకుని ఊళ్ళ వెంట తిరిగింది. 2019లో గానీ దాన్ని పూర్తి చేయలేదు. (పిహెచ్‌డి కోసం పిట్టల్ని వాడుకున్న నాకు ఈ సంగతి చదివినప్పుడు తల వంగింది.) 'హర్గిలా ఆర్మీ' పేరుతో కూడిన ఆ గ్రామీణ స్త్రీలు ఇప్పుడు 10,000 మందికి పైనే. తమ మగ్గాల మీద గమోసాల్లో, చీరల్లో ఆ కొంగ బొమ్మ నేసి అమ్ముతారు. పక్షులు పొదిగే కాలంలో వాటికి సీమంతం చేస్తారు. దాదరా, పచారియా, సింగిమారి గ్రామాల్లో 28 ఉన్న గూళ్ళు 250కి పైగా పెరిగాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో ఆమెకు 'చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్' పురస్కారం ఇచ్చింది.

సీమంతం దగ్గర నాలోని స్త్రీవాది కాస్త ఆగుతుంది. పక్షిని ప్రేమించడానికి కూడా మాతృత్వమే దారి కావాలా? పిల్లల్లేని స్త్రీకి ఆ పేరంటంలో చోటుంటుందా? ఈ ప్రశ్నలు వదులుకోను. అయినా ఆ బొమ్మకూ మన గోడల మీది బొమ్మకూ ఉన్న తేడా కాదనలేనిది. అక్కడ చీర మీద కొంగ ఉంది, ఆ కొంగ ఉన్న చెట్టు నిలిచే ఉంది, నేసిన మనిషికి కూలి దొరికింది. అసహ్యమన్న పక్షిని ఆడవాళ్ళు తమ ఒంటి మీద వేసుకుని ఊళ్ళో తిరిగారు. పోచంపల్లి, పుట్టపాక మగ్గాలున్న మన ఉమ్మడి నల్లగొండలో ఇలాంటి పని అసాధ్యమా? చీర అంచుల మీద చిలకలు మనకు కొత్త కాదు. తీతువును నేయడానికి ఎవరు ముందుకొస్తారో చూడాలి.

సూర్యాపేట బొమ్మ గురించి నా తీర్పు ఏమిటని అడిగితే, ఆ బొమ్మలో నిజమైనది కాళ్ళ ముడి ఒక్కటే అంటాను. మిగతాదంతా ఎవరైనా, ఏ ఊళ్ళోనైనా చేయగలరు. ఆ ముడి మాత్రం చూసినవాళ్ళే, ఆ నేరపు బరువు ఇంట్లో మోసినవాళ్ళే వేయగలరు. ఫ్లెక్సీ మీద అతిథుల పేర్లున్నాయి, నా పేరూ ఉంది. ముడి వేసిన అమ్మాయి పేరు లేదు. ఈ మాట ఆ రోజు మైకు ముందు అన్నాను. కొట్టేసిన వేపకొమ్మల్ని కూడా చూపించాను. సభ కాస్త ఇబ్బందిగా కదిలి, చప్పట్లు కొట్టింది. మళ్ళీ నెలకు అటు వెళ్తే బొమ్మ కాలేజీ వెనక వానకు తడుస్తోంది. నీలం మూతలు ఊడి కాలువలో పడుతున్నాయి. వేప తిరిగి చిగురు వేసింది.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని ఒక మిత్రురాలు అడుగుతోంది. పిట్టల అధ్యాయాన్ని మళ్ళీ రాస్తున్నాను. ప్రతి కవిత పక్కనా పెన్సిల్‌తో ఏం పిట్ట, ఎక్కడిది, ఏం తింటుంది అని రాసుకుంటున్నాను. చాలాచోట్ల ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటినీ అచ్చు వేయాలనుకుంటున్నాను. మొన్న ఫోన్లో అమ్మమ్మను ఊళ్ళో పిట్టల పేర్లు చెప్పమన్నాను. పిచ్చుక, గోరింక, గువ్వ, గిజిగాడు, పసులపోలిగాడు, లకుముకి, తీతువు అంటూ చెప్పుకుంటూ పోయింది. రాసుకుంటున్న నేను మధ్యలో "పాలపిట్ట?" అని అడిగాను.

"ఈ ఏడు కనపళ్ళే" అంది.